ఆరువందల నలభై గోడలు

లోకంలో తెలుపు ఒక్కటే అనుకునేవాళ్ళు ఈ కథ ఇక్కడే వదిలేసి వేరే పని చూసుకోవచ్చు. తెలుపులు నూట నలభై. ఆ నూట నలభైనీ కళ్ళకు గంతలు కట్టుకుని, డబ్బా మూత తీసిన వాసనను బట్టి, ఇది ఫలానా తెలుపు అని చెప్పగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆవిడ ఒక పెయింట్ల దుకాణంలో రంగులు కలుపుతుంది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మేస్త్రీలకీ, కొనడానికి వచ్చేవాళ్ళకీ, ఎదుటి ఇనుప సామాను కొట్టువాళ్ళకీ ఆవిడ రంగులక్క.

ఆ సోమవారం ఉదయం రంగులక్క దుకాణం వెనక గదిలో జల్లెడలు కడుగుతోంది. నెల కిందటి దాకా ఆవిడ చోటు అది కాదు. వీధి గుమ్మం పక్కన, ఎండ నేరుగా మొహాన కొట్టకుండా పక్కనుంచి జారి వచ్చే చోట ఆవిడ బల్ల ఉండేది. రంగు కలిపేవాళ్ళకి ఆ వెలుగే సగం పని చేసి పెడుతుంది. షావుకారుగారి అల్లుడు దుకాణం చూసుకోవడానికి కొత్తగా వచ్చి, నిలువెత్తు యంత్రం ఒకటి తెప్పించి, సరిగ్గా ఆ చోటే నిలబెట్టాడు. గోడ మీంచి గీకి తెచ్చిన పెచ్చు చూపిస్తే చాలు, దాని కన్ను రంగు చదివి, గొట్టాల్లోంచి చుక్కలు లెక్కపెట్టి పోస్తుంది. యంత్రానికి ఎండ ఎందుకని రంగులక్క అడగలేదు. వెనక గదిలో ట్యూబులైటు కింద తెల్లకాగితం కూడా కామెర్లు వచ్చినట్టు కనబడుతుంది. అక్కడ కడుక్కోవడం తప్ప కలపడం కుదరదు కనుక ఆవిడకి కడిగే పని మిగిలింది.

పదిన్నరకి ఒక టీచరమ్మ వచ్చింది. మేడ మీద హాల్లో మేకు ఊడి పెచ్చు లేచిందట, ఆ మేరకు పూయడానికి చిన్న డబ్బా కావాలంది. అల్లుడుగారు కౌంటరు మీది ట్యాబులో ఆవిడ ఇంటి నంబరు కొట్టాడు. తెర మీదికి రంగులక్క రాత వచ్చింది: మేడ మీది హాలు, పడమటి గోడ, నాలుగేళ్ళ ఎండ, పసుపు సగం మూత తగ్గించు, నలుపు ఒక్క చుక్క. ఆయన ఆ ప్రకారం యంత్రానికి అంకెలిచ్చాడు. మా ఇంటికి ఎండ ఎటు పడుతుందో కూడా దీనికి తెలుసా అని టీచరమ్మ ముచ్చటపడింది. దీనికి తెలియనిది లేదని అల్లుడుగారు అన్నాడు. ఆవిడ వెళ్ళబోతూ యంత్రాన్ని, బాగా చదివే పిల్లాడి వీపు తట్టినట్టు, రెండుసార్లు తట్టింది.

వెనక గదిలో రంగులక్క చేతిలో జల్లెడ ఆగింది.

ఆ తట్టిన చప్పుడు ఆవిడ చెవిలోంచి సాయంత్రం దాకా పోలేదు. ఏ కంపెనీ రంగు, ఏ నంబరు అన్నది డబ్బా మీదే అచ్చేసి ఉంటుంది. దానికి ఎవరూ నోట్సు రాసుకోనక్కర్లేదు. రంగులక్క రాసుకునేది గోడ సంగతి. గోడ ఎటు తిరిగి ఉంది, ఎన్నేళ్ళయింది, పక్కన పొయ్యి ఉందా, కుళాయి ఉందా, కిటికీకి పరదా ఉందా. రంగు పూసిన రోజున గోడ ఒకలా ఉంటుంది, నాలుగేళ్ళకి ఇంకోలా ఉంటుంది. అతుకు పడాలంటే డబ్బాలో కలపవలసింది ఆ నాలుగేళ్ళని. ఇదంతా మొదట్లో పుస్తకాల్లోనే రాసేది. రంగు చేతులతో తిప్పీ తిప్పీ మూడు పుస్తకాలు ఆకుకి ఆకు అంటుకుపోయి ఇటుకల్లా తయారైతే, ఫోనులో నోట్సు యాప్ పెట్టుకుంది. పెద్ద ప్లానుకి చందా కట్టింది. గోడకి ఒక పేజీ, ఇప్పటికి ఆరువందల నలభై పేజీలు. ఆ ప్లానులో ఐదుగురు చూసే వీలుంది. దుకాణం పని సులువవుతుందని కౌంటరు ట్యాబుకి ఆ వీలు కల్పించింది కూడా ఆవిడే.

చందా గడువు శుక్రవారం. మళ్ళీ కట్టకుండా ఫ్రీ ప్లానుకి దిగిపోతానని ఆ సాయంత్రం కూతురితో చెప్పింది. కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. ఏ కాగితమైనా కింది చిన్న అక్షరాల దగ్గర్నుంచి మొదలుపెట్టి చదివే రకం. ఫోను తీసుకుని ఆ ప్లాను సంగతి ఆసాంతం చదివింది. ఫ్రీ ప్లానులో ఒక్క ఫోనే. పంచుకోవడం ఉండదు. పేజీలు యాభై దాటకూడదు. ఒక్కో పేజీ అరచెయ్యంత పొడవు మించకూడదు. మిగతా వాటికి శుక్రవారంతో తాళం పడుతుంది.

"ఆరువందల నలభైలో యాభై. పిల్లల్లో ఎవరిని ఉంచుకుంటావని అడిగినట్టుందమ్మా" అంది కూతురు.

"నాకున్నది నువ్వొక్కదానివే. నువ్వు ఆ యాభైలో ఉన్నావులే."

మంగళవారం పొద్దున రంగులక్క అల్లుడుగారి దగ్గరికి వెళ్ళి, శుక్రవారం నుంచి ట్యాబులో తన పేజీలు రావని మర్యాదగా చెప్పింది. చెప్పకుండా దిగిపోవచ్చు. కూతురైతే అలాగే చెయ్యమంది కూడా. కాని ఆవిడకి చేతులు వెనక్కి పెట్టుకుని ఏదీ చెయ్యడం రాదు. అల్లుడుగారు కంగారుపడతాడనుకుంది. ఆయన పడలేదు. సరేనమ్మా అని, ఆ సాయంత్రమే ఆరువందల నలభై పేజీలూ అచ్చు తీయించి, మూడు సంపుటాలుగా తీగచుట్ట బైండింగు వేయించి, బుధవారం పొద్దుటికల్లా కౌంటరు మీద పెట్టాడు. దుకాణంలో కలిపిన రంగులకి సంబంధించిన రాత దుకాణానిదే కదా అని షావుకారుగారికి వివరించాడు. షావుకారుగారు పైసంపుటం ఎత్తి బరువు చూసి, మళ్ళీ కౌంటరు మీద పెట్టాడు. ఇవి ఉండగా వెనక గదిలో ఒక మనిషి జీతం మీద కూర్చోవడం అవసరమా అన్నది అల్లుడుగారి తర్వాతి మాట. ఈ నెలాఖరు దాకా చూద్దామన్నది మామగారి జవాబు. వెనక గదికీ కౌంటరుకీ మధ్య ఉన్నది చెక్క తడిక. తడిక వెనక వినబడకుండా ఎవరూ ఏదీ మాట్లాడలేరు.

ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర రంగులక్క కళ్ళజోడు పెట్టుకుని ఫోను ముందు కూర్చుంది. కూతురు ఎదురుగా పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తోంది. మొదట కూలిపోయిన ఇళ్ళు తీసేసింది. అవి ముప్పై ఆరు. గోడే లేకపోయాక దానికి రంగెందుకు. తర్వాత, కలిపిన ప్రతిసారీ ఇది కాదు ఇది కాదని ఏడుసార్లు తిప్పి, ఎనిమిదోసారి మొదటిదే బావుందన్న వకీలుగారి ఇంటి గోడలు నాలుగూ తీసేసింది. అవి తీసేటప్పుడు మొహంలో కనబడిన తృప్తి చూసి, ఇది న్యాయం కాదమ్మా అని కూతురు నవ్వింది. న్యాయం ఆయన వృత్తిలే అని నాలుగో గోడ కూడా తీసింది. అయినా ఇంకా ఆరువందలు ఉన్నాయి. ఇక అక్కడి నుంచి వేలు కదల్లేదు. ఏది తీయబోయినా ఆ ఇంటి మెట్లు గుర్తొచ్చేవి, ఆ మేస్త్రీ గుర్తొచ్చేవాడు.

తను పైకి చదువుతానని కూతురు ఫోను అందుకుంది. బాంకు గుమాస్తా ఇల్లు, పడమటి గోడ, ఐదేళ్ళు, పసుపు సగం మూత తగ్గించు, నలుపు ఒక్క చుక్క. బేకరీవాళ్ళ మేడ, పడమటి గోడ, నాలుగేళ్ళు, పసుపు సగం మూత తగ్గించు, నలుపు ఒక్క చుక్క. కుట్టుమిషన్లాయన ముందుగది, పడమటి గోడ. కూతురు చదవడం ఆపింది.

"ఇదే ముక్క ఎన్నిసార్లు రాశావమ్మా?"

"వాళ్ళ ఇళ్ళు వేరు కదే."

"మా షాపులో డబ్బాల మీద నాలుగువందల పేర్లుంటాయి. లోపల మందు చూస్తే ముప్పై నలభై రకాలే."

రంగులక్క కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఫోను తీసుకుని కొత్త పేజీ తెరిచి, పైన 'పడమటి ఎండ' అని రాసింది. కింద రెండు పంక్తులు రాసింది. డెబ్భై ఒక్క ఇళ్ళు ఆ రెండు పంక్తుల్లోకి వెళ్ళిపోయాయి. ఆవిడ వాటిని ఒక్కొక్కటే చెరిపేస్తూ, ఎక్కిళ్ళు ఆగినవాళ్ళలా కాస్త ఆశ్చర్యంగా చూసుకుంది.

ఇక్కడ ఒక మాట సవరించుకోవాలి. మొదట్లో తెలుపులు నూట నలభై అన్నాను. రంగులక్క ఆ వారం తేల్చిన లెక్క ప్రకారం అవి పదకొండు. వాసన సంగతీ అంతే. వాసనను బట్టి ఆవిడ చెప్పగలిగేది, మూత ఎవరో సరిగ్గా నొక్కలేదని. కాని పదకొండు తెలుపులని మొదలుపెడితే మీరు ఇంత దూరం వచ్చేవారు కాదు.

గురువారం కూడా అదే పని. పొయ్యి పక్క గోడ. పరదా వెనక గోడ. కుళాయి చెమ్మ తగిలే గోడ. దీపం కింద గోడ. మెట్ల పక్కన చేతులు రాసుకునే గోడ. పిల్లలు ఎత్తు కొలుచుకున్న గోడ. దానికి రంగు ఏమిటన్నది కాక, ఇంటివాళ్ళని ముందు అడగాలి అని రాసింది. ఒక్కో పేజీ రాస్తున్నప్పుడు ఇన్నేళ్ళూ చేతికి తెలిసి నోటికి తెలియని సంగతి ఒకటి పైకి వచ్చేది. ఇళ్ళు ఎన్ని ఉన్నా గోడని మార్చేవి ఎండ, పొగ, నీళ్ళు, మనుషులు. అంతకు మించి ఎవరూ లేరు. అన్నీ అయ్యేసరికి ముప్పై ఏడు పేజీలు తేలాయి. మిగిలిన పదమూడింటిలో ఇష్టమైన గోడలు కొన్ని ఉంచుకోమని కూతురు అంది. రంగులక్క ఆలోచించి, ఖాళీగానే ఉండనిమ్మంది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ, తిరగేసిన డ్రమ్ము మీద కూర్చుని, ఆవిడ ఫ్రీ ప్లాను మీట నొక్కింది. యాప్ ఒక పట్టాన వదల్లేదు. గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకుని ఇంకో పూట ఉండమనే చుట్టంలా, మీరు కోల్పోబోయేవి ఇవీ అంటూ ఒక జాబితా చూపించింది. నిజంగానే వెళ్ళిపోతారా అంది. సగం ధరకి ఉండిపొమ్మంది. ఏడుపు మొహం బొమ్మ ఒకటి చూపించింది. ఆవిడ ప్రతిదానికీ కిందనున్న అన్నిటికంటే చిన్న అక్షరాలు వెతికి నొక్కుతూ పోయింది. చివరికి, ఎందుకు దిగిపోతున్నారో చెప్పమని ఖాళీ పెట్టె ఒకటి వచ్చింది. రంగులక్క అందులో ఒక్క వాక్యం రాసింది: 'గోడలు అన్ని లేవండి.'

తడిక అవతల ట్యాబు తెర తెల్లబోయింది. అల్లుడుగారు దాన్ని ఒకసారి చూసి, మొదటి సంపుటం తెరిచాడు.

ఆయనకి అప్పటికే వేరే తలనొప్పి ఉంది. రెండు వీధుల అవతల డాక్టరమ్మ క్లినిక్కులో, రోగులు కూర్చునే గదిలో పైపు పగిలి గోడ కొట్టి పూడ్చారు. రెండు బారల మేర కొత్త సున్నం. తొమ్మిదేళ్ళ కిందట ఆ గోడకి రంగు వేసింది వేరే ఊరి దుకాణం కనుక మూడు సంపుటాల్లో ఎక్కడా లేదు. పని పట్టింది నిచ్చెన మేస్త్రీ. నిచ్చెన లేకుండానే పైకప్పు అందుకునే మనిషి కాబట్టి ఆ పేరు. ఆయన తెచ్చిన పెచ్చుని యంత్రం బుధవారం చదివి ఒక డబ్బా ఇచ్చింది. ఎదురుగా నిలబడితే అతుకు లేదు, పక్కనుంచి చూస్తే ఉందని మేస్త్రీ తిరిగొచ్చాడు. గురువారం ఇంకో పెచ్చు, ఇంకో డబ్బా. శుక్రవారం మూడోది. మూడోసారి కూడా తిరిగొస్తే అల్లుడుగారు విసుగెత్తి, రోగుల్ని పక్కనుంచి చూడొద్దని చెప్పమన్నాడు. మేస్త్రీ ఆ మాట మోసుకెళ్ళి డాక్టరమ్మకి పూసగుచ్చినట్టు చెప్పాడు.

శనివారం డాక్టరమ్మే వచ్చింది. షావుకారుగారు లేచి నిలబడ్డాడు. తను గొడవకి రాలేదని ఆవిడ ముందే చెప్పింది. కాని గదిలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ, వాళ్ళకేమైందో తను అడిగేలోపు, మీ గోడకేమైందని అడుగుతున్నారంది. మొత్తం గది రంగు వెయ్యాలంటే మూడు రోజులు క్లినిక్కు మూసుకోవాలి. అది తన వల్ల కాదంది. అల్లుడుగారు యంత్రం ఇచ్చిన కాగితం చూపించాడు. పెచ్చుకీ డబ్బాకీ వెంట్రుకవాసి తేడా లేదు. ఆ మాట నిజమే.

నిచ్చెన మేస్త్రీ ఈ మాటలు సాగుతుండగా తడిక దాటి వెనక గదికి వెళ్ళాడు. రంగులక్క చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. యంత్రం కాగితం చూసి, మూడో డబ్బా మూత తీసి, లోపల వేలు ముంచి చూసుకుంది.

"ఇది తప్పు కాదండీ" అంది షావుకారుగారితో. తర్వాత మేస్త్రీ వైపు తిరిగింది. "పెచ్చు ఎక్కడ గీకావు?"

"ఎక్కడేమిటక్కా, గోడ మీద."

"ఎంత ఎత్తులో?"

మేస్త్రీ చెయ్యి చూపించాడు. తన కళ్ళకి ఎదురుగా. మామూలు మనిషికి అది తలకి జానెడు పైన. మూడు పెచ్చులూ అక్కడివే. అక్కడ ఏ తలా తగలదు, ఏ చెయ్యీ అందదు. గదిలో తొమ్మిదేళ్ళుగా ఎవరూ ముట్టుకోని చోటు ఏదైనా ఉంటే అదొక్కటే, సరిగ్గా దాని రంగే యంత్రం చదివింది.

రంగులక్క డాక్టరమ్మని కూర్చోమని మూడు సంగతులు అడిగింది. గోడ వారగా బెంచీ ఉందా. ఉంది. కూర్చున్నవాళ్ళు వెనక్కి ఆనుకుంటారా. గంటసేపు కూర్చోబెడితే ఆనుకోక ఏం చేస్తారని డాక్టరమ్మ నవ్వింది. గోడ తుడుస్తారా. రోజూ తడిగుడ్డతో, ఆయా కింద కూర్చుంటే చెయ్యి అందినంత మేర, అంటే నడుము ఎత్తు దాకా.

"అయితే మూడు డబ్బాలు కావాలండీ" అంది రంగులక్క.

ఒక గోడకి మూడు డబ్బాలెందుకని అల్లుడుగారు అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగా తెలియకే అడిగాడు.

"ఒక గోడకి ఒకే రంగు ఉంటుందని ఎవరన్నారు బాబూ?"

ఆవిడ ఫోనులో రెండు పేజీలు చూసుకుంది: వీపులు ఆనే గోడ, తడిగుడ్డ గోడ. డబ్బాలు ఎత్తుకుని యంత్రం పక్కనుంచి సందు చేసుకుని గుమ్మంలోకి వెళ్ళి, మెట్టు మీద వెలుగులో డ్రమ్ము బోర్లించి పని మొదలుపెట్టింది. పైన పూయడానికి యంత్రం ఇచ్చిన రంగే, యథాతథంగా. మధ్య పట్టీకి అదే రంగులో నాలుగో వంతు మెరుపు రకం, ముదురు గోధుమ రెండు చుక్కలు. తొమ్మిదేళ్ళ పాటు వీపులూ తలలూ నిమిరి నిమిరి అక్కడ గోడ పాలిష్ పట్టినట్టయి ఉంటుంది. కింద పట్టీకి మెరుపు వద్దు, తెలుపు ఒక మూత. కర్ర డబ్బా అడుగంటా తిప్పి, పైకి ఎత్తి, తీగ సాగి తెగే తీరు చూసింది. అట్టముక్కల మీద రాసి ఆరబెట్టింది. బాగానే ఉంది కదా, ఇచ్చెయ్యమని మేస్త్రీ తొందరపడ్డాడు. తడి రంగు అబద్ధమాడుతుంది, ఆరనివ్వమని అతణ్ణి మెట్టు మీద కూర్చోబెట్టింది. షావుకారుగారు, అల్లుడుగారు, డాక్టరమ్మ, ముగ్గురూ గుమ్మంలో నిలబడి మూడు అట్టముక్కలు ఆరడం చూశారు. వాటిని పక్కపక్కన పెడితే ఒకటే రంగులా ఉన్నాయి. ఆవిడ ఏటవాలుగా ఎత్తి పట్టుకున్నాక మూడయ్యాయి.

పట్టీలు కలిసే చోట తడి ఆరకముందే స్పాంజితో అద్దాలని మేస్త్రీ చేత రెండుసార్లు చెప్పించుకుని మరీ పంపింది.

మధ్యాహ్నం మూడింటికి డాక్టరమ్మ ఫోను చేసింది. బెంచీ ఈ చివర కూర్చుని చూసిందట, ఆ చివర కూర్చుని చూసిందట. నిచ్చెన మేస్త్రీ అతుకు హద్దు గుర్తుకోసం పెన్సిలుతో గీత పెట్టుకుని, పని అయ్యాక ఆ గీత ఎక్కడుందో తెలియక గోడకి మొహం ఆనించి వెతుకుతున్నాడట. ఈ మాట షావుకారుగారు ఫోను స్పీకరులో పెట్టి విన్నాడు. తడిక దాకా వినబడాలని పెట్టాడో, మీట పొరపాటున నొక్కాడో ఆయనకే తెలియాలి.

తర్వాత ఆయన మూడో సంపుటం తిరగేస్తూ, ఇదంతా ఏ పేజీలో ఉందని రంగులక్కని అడిగాడు. అందులో లేదండి, ఈ వారమే రాసుకున్నాను అంది. ఆయన పుస్తకం మూసి కాసేపు గడ్డం గోక్కున్నాడు. నెలాఖరు మాట మరి ఎత్తలేదు. ఆ యాప్ పెద్ద ప్లాను దుకాణం తరఫున తీసుకుందామని, అన్నిటికంటే పైది, ఎన్ని వేల పేజీలైనా పట్టేది తీసుకుందామని అన్నాడు.

"వద్దండీ. ఇంకా పదమూడు ఖాళీగా ఉన్నాయి."

అల్లుడుగారు అంతసేపూ యంత్రం గొట్టాలు తుడుస్తూ ఉన్నాడు. మామగారు లోపలికి వెళ్ళాక దగ్గరికి వచ్చాడు. ఏమ్మా అని తప్ప పిలవని మనిషి గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఆ వీపులు ఆనే గోడ సంగతి నాకు ఒకసారి చెప్తావా?"

రంగులక్క ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది. కొత్తగా కలిపిన రంగుని చూసినట్టే చూసింది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి, ఎండ గుమ్మం మీదికి రాకముందు రమ్మంది. చొక్కా పాతది వేసుకు రమ్మంది.

సోమవారం తొమ్మిదికల్లా యంత్రం నాలుగడుగులు లోపలికి జరిగింది. దాని చోట ఆవిడ బల్లని షావుకారుగారు స్వయంగా ఒక పక్క పట్టుకుని మోసుకొచ్చి, ఎండ పక్కనుంచి జారి పడే చోట దించి, పైన దుమ్ము తన తువ్వాలుతో దులిపాడు.

అన్నీ జరిగినట్టే చెప్పాను గాని, షావుకారుగారు బల్ల మోశాడన్నది మాత్రం నేను కల్పించింది. ఆయన్ని కాస్త మంచివాడిగా చూపిద్దామనిపించింది. అసలు జరిగింది వేరు. రంగులక్క ఎనిమిదింటికే వచ్చి, ఎవరినీ అడక్కుండా, యంత్రాన్ని భుజంతో నెట్టి, బల్లని ఒక్కతే గుమ్మం దాకా లాక్కొచ్చుకుంది. షావుకారుగారు వచ్చేసరికి ఆవిడ వెలుగులో కూర్చుని డబ్బాలో కర్ర తిప్పుతోంది. ఆయన ఒక్క క్షణం నిలబడి, బల్ల చుట్టూ తిరిగి లోపలికి వెళ్ళాడు.